పసుపు రెప్పలు

కాలవల శాఖలో చేరిన నాటి నుంచి రిటైరయ్యే దాకా నేను చేసింది డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం. గట్ల మీద ఎత్తుపల్లాలు చూసే లెవెల్ పట్టినప్పుడు వచ్చిన మొదటి రీడింగును మాలో ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. వెనక్కి నడిచి మళ్ళీ చూసి, రెండూ కలిస్తేనే మ్యాపు మీదికి ఎక్కించేవాళ్ళం. ఆ అలవాటు ఆఫీసులో ఆగకుండా ఇంటికీ వచ్చింది. కొట్టువాడి తూకం, బస్సు మీది బోర్డు, పెళ్ళిళ్ళ పేరయ్య చెప్పిన వయసు, ఏదైనా సరే రెండోసారి చూసుకోందే నాకు కుదురు ఉండదు. రోజూ పడుకోబోయే ముందు డైరీ రాయడం కూడా అలాంటిదే. పగలు చూసినదాన్ని మరోసారి చూసుకోవడం.

అలాంటివాడికి ఆసుపత్రి పడదు. అక్కడ మొదటి రీడింగే చివరి మాట. మా ఆవిడ రక్తం గురించి తెనాలిలో ఒక కాగితం వచ్చినప్పుడు నేను దాన్ని నమ్మలేదు. దాన్ని చూసిన డాక్టర్లనూ నమ్మలేదు. అది మా అమ్మాయి పెళ్ళి దాకా వస్తుందని మాత్రం ఊహించలేదు.

ఎనభైల చివరి సంవత్సరాలవి. మేం బాపట్లలో ఉండేవాళ్ళం. మా ఆవిడకి గర్భసంచి తీయించాలన్నారు. ఆ రోజుల్లో మా వీధిలో నలభై దాటిన ఆడవాళ్ళలో ఆ ఆపరేషన్ కానివాళ్ళు తక్కువ. అందుకే నాకు అనుమానం. ఇద్దరు డాక్టర్లకి వేరువేరుగా చూపించాను. ఇద్దరూ తీసెయ్యమనే అన్నారు. అప్పుడు ఒప్పుకున్నాను. రేపల్లెలో ఉండే మా ఆవిడ వదినగారికి అంతకు ముందే తెనాలిలో ఒక లేడీ డాక్టరు చేసి ఉన్నారు, అందుకని మేమూ అక్కడికే వెళ్ళాం.

ఆపరేషన్‌కి ముందు రక్తం తీశారు. చీటీ మీద రాసింది షుగరు, యూరియా, గ్రూపు. సాయంత్రం వచ్చిన కాగితంలో కింద మరో వరస ఉంది. కొలెస్ట్రాల్, మూడు వందల డెబ్భై చిల్లర. పక్కన అచ్చు వేసిన హద్దు రెండు వందల యాభై. మేం అడగని పరీక్ష ఎందుకు చేశారని ల్యాబులో అడిగాను. కొత్త మిషను వచ్చిందండి, అందరికీ చేసెయ్యమన్నారండి అని అక్కడి అమ్మాయి చెప్పింది. మిషను ఊరికే ఉండకూడదని చేసిన పరీక్షను ఎంతవరకు నమ్మాలి?

లేడీ డాక్టరు కాగితం తీసుకుని షుగరు పక్కన టిక్కు పెట్టారు. యూరియా పక్కన పెట్టారు. గ్రూపు పక్కన పెట్టారు. కింది వరస దగ్గరికి వచ్చేసరికి పెన్ను మూత పెట్టేశారు. అన్నీ బాగున్నాయండి అన్నారు. ఆ చివరిది కూడానా అని అడిగితే, దానికీ ఆపరేషన్‌కీ సంబంధం లేదన్నారు. మత్తు ఇచ్చే డాక్టరు నా మొహం చూసి నవ్వాడు. "ఎవరికుండదండీ అది? ఇప్పుడు మీకు తీస్తే మీకూ ఉంటుంది" అన్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపే రోజు ఇచ్చిన కాగితంలో కుట్లు, మందులు, మళ్ళీ రావలసిన రోజు, బరువులు ఎత్తొద్దని, అన్నీ ఉన్నాయి. ఆ వరస లేదు. నేను మళ్ళీ అడిగితే లేడీ డాక్టరు, నూనె కాస్త తగ్గించమనండి అని పక్క మంచం వైపు తిరిగారు.

బాపట్ల వచ్చే రైల్లో అదే ఆలోచించాను. ఆ అంకె తప్పయితే తప్పని చెప్పాలి. నిజమైతే ఏదో ఒకటి చెయ్యాలి. రెండూ చెయ్యలేదంటే, తప్పని తెలిసి ఊరుకున్నారా, లేక నిజమని తెలిసీ తమ పని కాదని ఊరుకున్నారా? ఏది అనుకున్నా వాళ్ళ మీద గౌరవం పెరిగేలా లేదు.

బాపట్లలో మరో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఊళ్ళో బాగా పేరున్నాయన. వరండాలో ఎప్పుడూ జనం. ఆయన తల ఎత్తకుండా కాగితం చూసి, మాంసం తింటారా అన్నాడు. తినమన్నాం. గుడ్లు? తినమన్నాం. అయితే నెయ్యే, అన్నాడు. నెయ్యి, వెన్న, కొబ్బరి, మీగడ, వేపుళ్ళు అన్నీ కొట్టేసి మూడు నెలలాగి రమ్మన్నాడు. మా ఆవిడ సన్నగా ఉంటుంది. అంతకు రెట్టింపు ఉన్న నేను పక్కనే కూచుని ఉన్నాను. నా వైపు ఆయన చూడనే లేదు.

మూడు నెలలు మా ఇంట్లో తాలింపు చప్పుడు వినపడలేదు. మళ్ళీ పరీక్ష చేయిస్తే అంకె తగ్గకపోగా కాస్త పెరిగింది. డాక్టరుగారు ఈసారి తల ఎత్తాడు. ఆవిణ్ణి కాదు, నన్ను చూశాడు.

"మీరు ఆఫీసుకెళ్ళాక ఆవిడ ఇంట్లో ఏం తింటున్నారో మీకు తెలుసాండి?"

ఆ మాట నా మనసులో పడింది. ఇంటికొచ్చాక నేతి సీసా మీద, నెయ్యి ఉన్న మట్టానికి, బయటి వైపు పెన్సిలుతో సన్నగా గీత పెట్టాను. రెండు రోజుల్లో మా ఆవిడ కనిపెట్టింది. సీసా తెచ్చి నా టేబులు మీద పెట్టి, "మీ కాలవ లెవెలు నా వంటింట్లోకీ వచ్చిందా? నీరు తగ్గితే లాకులు ఎవరు ఎత్తారో కూడా రాసుకోండి" అంది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి ఆ మాట పట్టుకుని వారం రోజులు నన్ను లాకు సూపరింటెండెంటుగారూ అని పిలిచింది.

ఆ తర్వాత డాక్టరుగారు ఏదో మాత్ర రాశాడు. వేసుకున్న పావుగంటకి ఆవిడ మొహం, మెడ ఎర్రగా కంది, ఒళ్ళంతా ఒకటే దురద. వెళ్ళి చెబితే, అలవాటవుతుందన్నాడు. అలవాటు కాలేదు. మానేసింది. ఆయన దగ్గరికి వెళ్ళడం మేమూ మానేశాం. పోతే పోనిద్దురూ, నాకేం బాగోలేదని చెప్పానా అంది ఆవిడ. నిజమే, బాగానే ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళందరికంటే చురుగ్గా ఉంది. అయినా ఆ అంకె మాత్రం రెండుచోట్ల, రెండు మిషన్ల మీద కలిసింది. రెండు రీడింగులు కలిస్తే కాదనడం నా వల్ల కాదు.

ఇక్కడ మా అమ్మాయి సంబంధం సంగతి చెప్పాలి. మా ఆవిడ అన్నగారు రేపల్లెలో హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఆయనకి ఒక్కడే కొడుకు. మాకు ఒక్కతే కూతురు. మేనరికం. పిల్ల ఉయ్యాల్లో ఉండగానే అనుకున్నది. అబ్బాయి పాలిటెక్నిక్ చదివి అప్పుడే ఉద్యోగంలో చేరాడు. అమ్మాయి పరీక్షలు కాగానే ముహూర్తం. వాళ్ళిద్దరికీ ఇష్టమేనా అని ఎవరం అడిగిన గుర్తు లేదు. అబ్బాయి మా ఇంటికి వస్తున్నాడంటే మా అమ్మాయి గదిలోకి పోయి జడ విప్పి మళ్ళీ వేసుకునేది. అది చాలనుకున్నాం.

మరుసటి ఏడాది ఆపరేషన్ తాలూకు చూపించుకోవడానికి మళ్ళీ తెనాలి వెళ్ళాం. ఆ నర్సింగ్ హోముకి అప్పుడు ఒక గుండె డాక్టరు పైఊరి నుంచి మంగళవారాలు వస్తున్నారని తెలిసింది. లేడీ డాక్టరు పంపలేదు. నేనే పేరు రాయించాను. నడివయసు మనిషి. మాట తక్కువ. కాగితాలు ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టి, ముందు మా ఆవిణ్ణి కిటికీ వైపు తిరిగి కూర్చోమన్నాడు. కళ్ళజోడు పైకి నెట్టుకుని ఆవిడ కళ్ళలోకి చూశాడు. అంతసేపు చూడడం నాకు నచ్చలేదు.

"ఈ పసుపు ఎప్పట్నుంచమ్మా?"

మా ఆవిడకి రెండు కళ్ళ లోపలి కొసల్లో, రెప్పల మీద, పెసరబద్దంత పసుపు మచ్చలున్నాయి. అమ్మాయి పుట్టిన కొన్నాళ్ళకి వచ్చాయి. అవి రావడం చూసి మా అత్తగారు దిష్టి తీసింది. ఆ ఇంట్లో ఆడవాళ్ళకి అలా వస్తే పుట్టింటి పసుపు అంటారు. అలా వచ్చినవాళ్ళు పసుపు కుంకుమలతో పోతారని వాళ్ళ నమ్మకం. మా ఆవిడ అదే కాస్త గర్వంగా చెప్పింది. మా మేనత్తకీ ఉండేవండి, మా అక్కకీ ఉండేవండి అంది.

"వాళ్ళు అలాగే పోయారా?"

"ఆఁ. ఇద్దరూ ముత్తైదువులుగానే పోయారండి."

"ఎంత వయసులో?"

మా ఆవిడ జవాబు చెప్పబోయి ఆగింది. మేనత్త నలభై దాటీ దాటకుండానే. అక్క అంతకన్నా చిన్నది. ఆయన ఒక్కొక్కరి గురించే అడుగుతూ పోయాడు. నాన్నగారు? అమృతలూరు దగ్గర వాళ్ళ చేలో నాట్లప్పుడు గట్టు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడట, నీళ్ళు వచ్చేసరికి లేడు. చిన్నాన్న? కొల్లూరు లంకలో అరటితోట చూసుకునేవాడు, పడవ దిగి ఒడ్డెక్కుతూ పడిపోయాడు. పోలీసు స్టేషనులో అడిగినట్టుగా ఉంది నాకు. ఇవన్నీ ఇరవై ఏళ్ళుగా నాకు తెలిసినవే. కానీ ఒకచోట పక్కపక్కన పెట్టి నేనెప్పుడూ వినలేదు.

తర్వాత ఆయన, కాలు ఈ స్టూలు మీద పెట్టమ్మా అన్నాడు. ఆవిడ నా వైపు చూసింది. పరాయి మగవాడి ఎదురుగా కాలు ఎత్తి పెట్టడం, ఆయన దాన్ని చేత్తో పట్టుకోవడం, మా ఇళ్ళలో లేని పని. నేను కుర్చీలోంచి సగం లేచాను. ఆయన నన్ను కూడా దగ్గరికి రమ్మన్నాడు. చెప్పు విడిచి మీ మడమ వెనక నరం పట్టుకోండి, ఇప్పుడు ఆవిడది పట్టుకోండి, అన్నాడు. నాది పలుపుతాడంత ఉంది. ఆవిడది మోకులా ఉంది. మధ్యలో గట్టిగా కణుపులు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి నాకు తెలియదు. అప్పటిదాకా నాకు డాక్టర్లు చెప్పినవన్నీ మాటలు. ఇది నా వేళ్ళకి తెలిసింది.

ఇది తిండితో వచ్చింది కాదన్నాడు ఆయన. వంశంలో దిగేది. ఆ కొవ్వే రెప్పల మీద, మడమల్లో పేరుకుంటుంది, గుండె నరాల్లోనూ పేరుకుంటుంది. ఇప్పుడున్న మందులు అంతంత మాత్రం, మంచివి రాబోతున్నాయంటున్నారు, అప్పటిదాకా జాగ్రత్తగా ఉండాలి. (ఆ మాత్రలు మా దాకా రావడానికి మరికొన్నేళ్ళు పట్టింది. అవి వేసుకున్నాక ఆవిడ అంకె మొదటిసారి హద్దు లోపలికి వచ్చింది. నేను రెండుచోట్ల చేయించి చూశాను.)

"పిల్లలెంతమంది?"

"ఒక్కతే అమ్మాయండి" అంది మా ఆవిడ. "పెళ్ళి కూడా కుదిరిపోయింది. మా అన్నయ్య కొడుక్కే."

ఆయన పెన్ను పక్కన పెట్టేశాడు. ఒకరి నుంచి వస్తే ఇలా ఉంటుందమ్మా, అన్నాడు. తల్లీ తండ్రీ ఇద్దరికీ ఉండి, ఇద్దరి నుంచీ దిగిన బిడ్డకి చిన్నతనంలోనే గుండె దెబ్బతినొచ్చు. పదేళ్ళ పిల్లల్ని కూడా చూశానన్నాడు. అమ్మాయికీ అబ్బాయికీ రక్తం చూడకుండా ముహూర్తం పెట్టకండి అన్నాడు.

తిరుగు రైలు నిడుబ్రోలు దాటింది. మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూనే, రేపల్లెలో ఈ మాట అనకండి అంది. నాకూ ఆ డాక్టరు మీద అనుమానం పూర్తిగా పోలేదు. ఒక మనిషి కోసం వెళ్ళినవాళ్ళని ఇంటిల్లిపాదినీ రమ్మంటున్నాడు, వారానికొక్క రోజు వచ్చే మనిషికి జనం కావాలి కదా అని ఒక పక్క అనిపిస్తోంది. మరో పక్క వేళ్ళకి ఆ మోకు తగులుతూనే ఉంది.

అమ్మాయికి పరీక్ష చేయిద్దామన్నాను. అప్పుడు ఆవిడ నా వైపు తిరిగింది.

"మీకు మొదట్నుంచీ మా అన్నయ్యంటే పడదు. ఇప్పుడు డాక్టరు దొరికాడు."

అందులో కొంత నిజం లేకపోలేదు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి, నేను లెక్కగా మాట్లాడేవాణ్ణి. పండగకీ పబ్బానికీ కలిసినప్పుడు ఒకరినొకరం భరించేవాళ్ళం. కానీ సంబంధం తప్పించాలని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ సంగతి ఆవిడకి ఎలా చెప్పినా నమ్మేలా లేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో ఇద్దరం ఒకరి మీద ఒకరం ఓ కన్నేసి ఉంచాం. నేను రాసే ఉత్తరాలు ఎవరికో ఆవిడ చూసేది. అన్నకి ఆవిడేమైనా కబురు పంపుతోందేమోనని నేను చూసేవాణ్ణి.

చివరికి అమ్మాయే తేల్చింది. మేం గుసగుసలాడుకోవడం చూసి అడిగింది, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సూది అంటే నాకేం భయం, పదండి అంది. తెనాలి తీసుకెళ్ళాను. మూడు వందల పైన వచ్చింది. ఆ కాగితం చూసి మా ఆవిడ, కూతుర్ని వెలుగులోకి లాక్కెళ్ళి రెప్పలు వేలితో సాగదీసి చూసింది. ఏమీ లేవు. ఇంకా రాలేదంతే.

ఇక రేపల్లె వెళ్ళక తప్పలేదు. చెరుకుపల్లి మీదుగా వెళ్ళే బస్సులో ఇద్దరం వెళ్ళాం. ఆయన అప్పుడే స్కూలు నుంచి వచ్చి అరుగు మీద కాళ్ళు కడుక్కుంటున్నాడు. నా కళ్ళు ఆయన మడమల మీదికే పోయాయి. మా ఆవిడవీ అక్కడే చూస్తున్నాయి. చీలమండ వెనక నరం లావుగా, బిరుసుగా, దూరానికే తెలుస్తోంది. ఆయన రెప్పల మీదా పసుపు ఉన్న సంగతి మాకెప్పుడూ తెలిసిందే.

కాఫీలయ్యాక నేను చెప్పాను. డాక్టరు చెప్పింది చెప్పినట్టే, ఏదీ కలపకుండా, ఏదీ తీసెయ్యకుండా. అమ్మాయి అంకె కూడా చెప్పాను. మీరు, అబ్బాయి ఒకసారి పరీక్ష చేయించుకుంటే బాగుంటుందన్నాను. ఆయన చివరిదాకా విన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"బావా, మీకు వేరే సంబంధం ఏదన్నా తగిలిందా? తగిలితే సూటిగా చెప్పండి. మా రక్తం మీద ఎందుకు పెడతారు?"

అదేమీ లేదన్నాను.

"రోజూ పొద్దున్నే గ్రౌండు చుట్టూ పరిగెత్తేవాణ్ణి నేను. నా వెనక పిల్లలు రాలేక చస్తారు. మీరేమో కుర్చీలో కూచుని గీతలు గీసుకునేవారు. ఎవరికుండాలండీ గుండెజబ్బు?"

మా ఆవిడ ఏదో అనబోయింది. ఆయన చెల్లెలి వైపు తిరిగి, నాన్న పోయింది ఎండదెబ్బకమ్మా, నీకు తెలీదా, ఆయన పక్కనే నువ్వున్నావు కదా అన్నాడు. ఆవిడ తల దించుకుంది. నాకు మడమల సంగతి ఎత్తాలని నోటిదాకా వచ్చింది. ఎత్తలేదు. ఎత్తినా, డ్రిల్లు చేసేవాడికి నరాలు లావుగా కాక ఎలా ఉంటాయంటాడని తెలుసు.

మా వైపు మేనరికాల్లో ఒక పద్ధతుంది. పిల్ల మీద మొదటి మాట మేనమామది. ఆయన వదులుకున్నానని చెబితే తప్ప పిల్ల తల్లిదండ్రులు బయటి సంబంధం చూడకూడదు. పిల్లవైపు వాళ్ళు ముందుగా వద్దంటే, పిల్లలో ఏదో లోపం ఉందనీ, సొంత మేనమామకే చెప్పుకోలేని లోపమనీ ఊరంతా అనుకుంటుంది. ఆ తర్వాత ఆ పిల్లకి సంబంధాలు రావు. అంటే మాకు రెండే దార్లు. ఆయన పరీక్ష చేయించాలి, లేదా ఆయన వదులుకోవాలి. రెండూ ఆయన చేతిలోనే ఉన్నాయి, ఆయనేమో మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూస్తున్నాడు.

బయల్దేరేముందు మా ఆవిణ్ణి ఆవిడ వదిన దొడ్లోకి తీసుకెళ్ళింది. ఏం మాట్లాడుకున్నారో బస్సులో నాకు తెలిసింది. ఈ మధ్య ఆయన గ్రౌండులో మునుపటిలా పరిగెత్తడం లేదట. రెండు చుట్లు తిరిగి, చెప్పులో రాయి పడ్డట్టు వంగి అక్కడే కాసేపు ఉంటున్నాడట. ఇంటికొచ్చి గుండెల మీద చెయ్యి వేసుకుని గ్యాసంటున్నాడట. రోజూ రాళ్ళు పడే చెప్పులేంటి వదినా, నేను చూడట్లేదనుకుంటున్నారు, అందట ఆవిడ.

రెండు నెలలు రేపల్లె నుంచి ఏ కబురూ లేదు. మా అమ్మాయి పరీక్షలు దగ్గరపడుతున్నాయి. ఎవరైనా ముహూర్తం ఎప్పుడండీ అంటే చూస్తున్నామనేవాళ్ళం. ఆ రోజుల డైరీ తీస్తే వాతావరణం, ఆఫీసు పని తప్ప ఇంకేమీ లేదు. రాయబుద్ధి కాలేదు.

ఆ రెండు నెలల్లో జరిగింది తర్వాత ఆయన భార్య చెప్పింది. ఆయన ఊరుకోలేదు. నేనూ తెనాలి డాక్టరూ కుమ్మక్కయ్యామని ఆయన గట్టి నమ్మకం. అందుకని తెనాలి ల్యాబుకి పోకుండా కొడుకుని వేరే ఊరు తీసుకెళ్ళి, అక్కడ పేరు మార్చి చెప్పి రక్తం ఇప్పించాడు. తనది ఇంకో ఊళ్ళో ఇంకో పేరుతో ఇచ్చాడు. ఏ కాగితం మీదా ఇంటిపేరు కూడా రానివ్వలేదు. ఇది విన్నప్పుడు నాకు ఆయన మీద మొదటిసారి గౌరవం కలిగింది. నేనైనా అంతే చేసి ఉండేవాణ్ణి.

ఒక ఆదివారం మొదటి బస్సుకి ఆయన బాపట్ల వచ్చాడు. మేం ఇంకా కాఫీలు తాగలేదు. కండువా తీసి పక్కన పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు. మా ఆవిడ, వదినా వాళ్ళు బాగున్నారా అన్నయ్యా అంటే, ఆఁ అన్నాడు. జేబులోంచి ఏ కాగితమూ తియ్యలేదు. గొంతు చాలా మామూలుగా ఉంది.

"పిల్లదానికి వేరే సంబంధం చూసుకోండి బావా. మేమే వద్దన్నామని చెప్పండి. మావాడికి బయట ఎవరో నచ్చిందని చెప్పినా సరే. అంతా నా మీద పెట్టండి. పిల్ల మీదికి మాట రాకూడదు."

"వాడికీ ఉందా?" అంది మా ఆవిడ.

ఆయన తలాడించాడు. తనకి ఎంత వచ్చిందో ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆవిడ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని స్తంభానికి ఆనుకుంది. మా అమ్మాయి గుమ్మం లోపల నిలబడి ఉందని నేనప్పుడే చూశాను. ఆయనా చూశాడు. రామ్మా అన్నాడు. వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"బావకెంతొచ్చింది మావయ్యా?"

ఆయన చెప్పాడు. మూడు వందలకి అటూ ఇటూ.

"అయితే నాకన్నా తక్కువే" అంది. అదేదో కాస్త నయమైన కబురన్నట్టు అని, లోపలికి వెళ్ళిపోయింది. ఆ సంబంధం గురించి ఆమె నోటి వెంట మేం విన్న ఆఖరి మాట అదే. మా ఆవిడ వెనకాలే వెళ్ళింది. తలుపు వేసుకున్నారు.

మధ్యాహ్నం ఉండమంటే ఆయన ఉండనన్నాడు. నన్ను రావద్దంటున్నా బస్టాండు దాకా వెళ్ళాను. ఆయన మెల్లగా నడుస్తున్నాడు. క్లాక్ టవరు దగ్గర ఆగి, రోడ్డు మీద వెళ్ళే రిక్షాలను చూస్తున్నట్టు నిలబడ్డాడు. నేనూ నిలబడి అవే చూశాను. చెప్పులో రాయేమైనా పడిందా అని నేనడగలేదు.

రేపల్లె బస్సు వచ్చాక ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగాడు.

"ఆ డాక్టరు మంగళవారాలే కదా వచ్చేది?"

అవునన్నాను.

"నమ్మొచ్చంటారా మనిషిని?"

ఒక డాక్టరు ఆ వరస చూడనట్టు పెన్ను మూసేశారు. ఒకాయన తల ఎత్తకుండా నెయ్యి కొట్టేశాడు. ఇతను చూశాడు, చూసి మా పిల్లల పెళ్ళి ఆపేశాడు. వాళ్ళలో ఎవరి గురించైనా పూచీ పడే మనిషిని కాను నేను.

"నమ్మకం సంగతి నాకు తెలీదు బావా. మంగళవారం పొద్దున్నే తెనాలి స్టేషనులో ఉండండి. నేనూ వస్తాను" అన్నాను.

ఇందులో ఇంకా ఏమన్నా ఉందా అని వెతుకుతున్నట్టే ఆయన నన్ను చూశాడు. తర్వాత సరేనని లోపలికెక్కి, కిటికీ పక్కన కూర్చున్నాడు.